పొదిలి వైపు పల్లెటూరు: చిన్నపిల్లలతో వెళ్ళి ఉండొచ్చా? నీళ్ళ సంగతి తెలిసినవాళ్ళు చెప్పండి

కందిచేను
మా అత్తగారి ఊరు పొదిలి నుంచి కనిగిరి పోయే దారిలో, మెయిన్ రోడ్డు దిగి లోపలికి వెళ్ళాలి. మెట్ట ఊరు. కంది, శనగ, పొగాకు, ఎక్కడో కొంచెం సజ్జ. ఊరి చివర చెరువు, దాని వెనక గుట్టలు. మామయ్యగారికి ఈ మధ్య ఒంట్లో బాగుండటం లేదు. మా ఇద్దరికీ ఇంటి నుంచే పని కాబట్టి బెంగళూరు వదిలేసి అక్కడే ఉందామని గట్టిగా అనుకుంటున్నాం. పాపకి ఆరేళ్ళు, బాబుకి రెండు.

నాకు ఆ ఊరంటే ఇష్టం. టెన్షన్ అంతా నీళ్ళదే, ఎక్కువైతే పళ్ళనీ ఎముకలనీ దెబ్బతీసే ఫ్లోరైడ్ వాటిలో ఉంటుందని. మా ఆయన ముందు పళ్ళ మీద గోధుమరంగు చారలున్నాయి. అత్తయ్య ఎవరైనా పక్కనుంచి పిలిస్తే మెడ తిప్పలేదు, మనిషే మొత్తం తిరగాలి. ఊళ్ళో పంచాయతీ బోరు, కుళాయిలు ఉన్నాయి. తాగడానికి మాత్రం ప్లాంటు క్యాను. "క్యాను తాగుతున్నాం కదా, ఇంక భయం ఏంది" అంటారు అందరూ. నిజంగా అది చాలా? వంట సంగతేంటి? ఆ చుట్టుపక్కల ఉంటున్నవాళ్ళు చెప్పండి, డిసైడ్ చేసుకోవాలి.

వేపచెట్టు_నీడ
నిశ్చింతగా వెళ్ళమ్మా. పెద్దవాళ్ళ దగ్గర పిల్లలు పెరగడం ఎంత అదృష్టం. నేను కొనకనమిట్ల వైపు వాడిని, ఉద్యోగం అయిపోయాక ఊళ్ళోనే ఉంటున్నా. పుట్టినప్పటి నుంచి ఆ నీళ్ళే తాగాం. మా నాన్న ఎనభై దాటి బతికాడు, చివరిదాకా చేనుకి నడిచి వెళ్ళాడు. ఈ క్యాన్లు, మెషీన్లు వచ్చాకే జనానికి భయం పట్టుకుంది.

దర్శి_టీచరమ్మ
పెద్దాయనా, మీ మీద గౌరవంతోనే చెప్తున్నా, ఆ మాట ఒప్పుకోను. నేను దర్శి, కురిచేడు, పొదిలి మూడు మండలాల్లోనూ పనిచేశాను. క్లాసులో ఫొటో తీసేటప్పుడు చూడాలి. నవ్వమంటే ఆడపిల్లలు చెయ్యి అడ్డం పెట్టుకుంటారు. పదోతరగతి పిల్ల నోరు విప్పి పద్యం చెప్పడానికి సిగ్గుపడుతుంటే తెలుగు టీచరుగా నాకు ఎట్లా ఉంటుందో చెప్పలేను. మీ నాన్నగారు అదృష్టవంతులు. అదే ఊళ్ళో నడుం వంగిపోయి కర్రతో నడిచినవాళ్ళు మీకు గుర్తులేరా?

వేపచెట్టు_నీడ
ఉన్నారమ్మా, లేరని అనను. అయితే అప్పుడు మేం తాగింది చెరువు కింద మంచినీళ్ళ బావి. ఊరంతా ఆ ఒక్క బావికే. పొద్దున నాలుగింటికే బిందెల చప్పుడు మొదలయ్యేది. బోరు నీళ్ళు కాదు.

బోరుబండి
అదీ అసలు విషయం. పెద్దాయన చెప్పింది పట్టుకోండి. నేను ఆ ఏరియాలో బోర్లు వేస్తుంటాను. పైన కొంచెం మన్ను, ఆ కింద మెత్తరాయి, ఇంకా కిందకి పోతే అంతా గట్టిరాయి. వెనకటికి మెత్తరాయిలోనే నీళ్ళు తగిలేవి. ఇప్పుడు అది ఎండిపోయింది. రాయిలో పగుళ్ళు వెతుక్కుంటూ ఆరు వందలు, ఏడు వందల అడుగులు పోతున్నాం. ఆ నీళ్ళు ఎన్నేళ్ళ నుంచి రాయిని అంటిపెట్టుకుని ఉన్నాయో. రాయిలో ఉన్నదంతా నీళ్ళలోకి దిగుతుంది. బోర్లు రాకముందు ఈ బాధ ఇంతగా లేదు.

ఒంగోలు_గిత్త
బోరుబండి అన్నా, ఒక్క నిమిషం. మన దేశంలో ఈ ఫ్లోరైడ్ జబ్బు గురించి మొదట రాసింది 1937లో. అది కూడా మన ప్రాంతం గురించే. అప్పుడు ఇదంతా మద్రాసు ప్రెసిడెన్సీలో నెల్లూరు జిల్లా. పొదిలి, కనిగిరి, దర్శి, కందుకూరు వైపంతా 1970లో కదా విడదీసి ఒంగోలు జిల్లాలో కలిపింది, 1972లో ప్రకాశం అని పేరు పెట్టింది. 1937లో ఆరు వందల అడుగుల బోర్లు ఎక్కడివి? అప్పుడున్నవి బావులే.

ఇంకో సంగతి. మనుషుల కంటే ముందు రైతులు దీన్ని ఎడ్లలో గమనించారట. కీళ్ళు బిగుసుకుపోయి నడవలేకపోయేవట. నా పేరు చూశారుగా, నాకు ముందు అదే గుర్తుంటుంది.

శనగచేను
గిత్త అన్న వచ్చాడంటే ఏ టాపిక్ అయినా ఎద్దుల దగ్గరికి రావాల్సిందే 😄

ఒంగోలు_గిత్త
మరి మన గిత్త బ్రెజిల్ దాకా పోయి అక్కడ నెలోర్ అని పేరు తెచ్చుకుంది. పశువు తాగే నీళ్ళ గురించి కూడా ఎవరో ఒకరు అడగాలి కదా. మనకి క్యాను ఉంది, దానికి తొట్టిలో బోరు నీళ్ళేగా.

శనగచేను
అది మాత్రం నిజం. మా బర్రె పళ్ళ మీద కూడా మచ్చలున్నాయి. ఇన్నాళ్ళూ మేత వల్ల అనుకున్నాం.

నీళ్ళ_పరీక్ష
తాగునీటి ల్యాబ్‌లో చాలాకాలంగా పనిచేస్తున్నాను. బోరుబండి గారిదీ, గిత్త గారిదీ రెండూ కలిపి చూస్తేనే సంగతి తెలుస్తుంది.

ఫ్లోరైడ్ రాయి నుంచే వస్తుంది. మన దగ్గర గ్రానైటు, నైసు అనే గట్టిరాళ్ళు ఎక్కువ. వాటిలో ఫ్లోరైడ్ ఉన్న ఖనిజాలు ఉంటాయి. నీళ్ళలో కాల్షియం తక్కువగా ఉండి, సోడియం, బైకార్బొనేటు ఎక్కువగా ఉంటే అది ఇంకా తేలిగ్గా కరుగుతుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ కాబట్టి పలచబడే అవకాశం తక్కువ. అందుకే లోతు ఒక్కటే చూసి తేల్చలేం. ఒకే ఊళ్ళో గుడి దగ్గర చేతిపంపులో లీటరుకి 0.8 మిల్లీగ్రాములు ఉంటే బడి దగ్గర బోరులో 4 రావడం చూశాను. రెండింటి మధ్య రెండు వీధులే తేడా. చెరువు కిందా, వాగు పక్కనా ఉన్న బావుల్లో మామూలుగా తక్కువ ఉంటుంది. ఎందుకంటే అక్కడ వాననీరు ఇంకి కలుస్తుంది. అక్కడ కూడా పరీక్ష చేయించే నమ్మాలి.

మన దేశపు ప్రమాణం లీటరుకి 1 మిల్లీగ్రాము. వేరే దారి లేకపోతే 1.5 దాకా ఒప్పుకుంటారు. రంగు, రుచి, వాసన ఏమీ మారవు. తియ్యగా ఉన్నాయి కాబట్టి మంచినీళ్ళు అనుకునే బావిలోనే ఎక్కువ ఉండొచ్చు.

కందిచేను గారూ, మీరు ఊరికి వెళ్ళగానే మూడు చోట్ల నీళ్ళు విడివిడిగా పట్టండి: పంచాయతీ కుళాయి, ప్లాంటు క్యాను, ఇంటి దగ్గర బోరో బావో ఉంటే అది. గ్రామీణ నీటి సరఫరా వాళ్ళ ల్యాబ్‌లో చేస్తారు. పంచాయతీ ద్వారా పంపితే తేలిక.

కందిచేను
చాలా థాంక్సండీ. మరి మరగబెడితే పోదా? అత్తయ్య బాబు కోసం నీళ్ళు మరగబెట్టే పెడతానంటోంది.

నీళ్ళ_పరీక్ష
పోదు. ఆవిరిగా పోయేది నీరే, ఫ్లోరైడ్ అలాగే ఉండిపోతుంది. కాబట్టి మిగిలిన నీళ్ళలో ఇంకా చిక్కబడుతుంది. మరగబెడితే చచ్చేది క్రిములే. మామూలు క్యాండిల్ ఫిల్టరు, క్లోరిన్ బిళ్ళ కూడా దీనికి పనికిరావు.

పళ్ళ_డాక్టరు
ఒంగోల్లో ప్రాక్టీసు. కనిగిరి, పొదిలి, మర్రిపూడి నుంచి వచ్చేవాళ్ళే నా దగ్గర ఎక్కువ. తల్లులు పొరబడే చోటు ఒకటి చెప్తాను. ఆ చారలు పళ్ళు వచ్చాక పట్టే మరకలు కావు. చిగురు లోపల పన్ను తయారయ్యేటప్పుడే పైపొర దెబ్బతింటుంది. పాలపళ్ళు ఊడి పెద్దపళ్ళు వచ్చాక గానీ బయటపడదు. ముందరి పెద్దపళ్ళు తయారయ్యేది పుట్టినప్పటి నుంచి నాలుగైదేళ్ళ లోపు. లోపలి దవడ పళ్ళకి ఎనిమిదేళ్ళ దాకా పడుతుంది. అంటే మీ పాపకి ముందు పళ్ళ గండం చాలావరకు దాటింది. జాగ్రత్త పడాల్సింది బాబు విషయంలో. ఇప్పుడు తాగే నీళ్ళు వాడి ఏడో ఏట నవ్వులో కనిపిస్తాయి.

పసిపిల్లలకి తల్లిపాలలో ఫ్లోరైడ్ చాలా తక్కువ. డబ్బాపాల పొడిని బోరు నీళ్ళలో కలిపితే అసలు చిక్కు అక్కడే. టూత్‌పేస్టు బియ్యపు గింజంత చాలు, ఉమ్మేయడం నేర్పండి.

మీ వారి చారలకి చికిత్స ఉంది. పైపొర సన్నగా అరగదీసి, రంగు తగ్గించి, మరీ ఎక్కువుంటే పైన పూత వేస్తారు. ఎముకలది అంత తేలిక కాదు. నీళ్ళు మార్చాక నొప్పి కొంత తగ్గినవాళ్ళు ఉన్నారు. వంగిన నడుం మాత్రం తిరిగి రాదు.

దర్శి_టీచరమ్మ
డాక్టరు గారూ, పళ్ళు గట్టిగా తోమమని తల్లులు పిల్లల్ని కొడతారండీ. ఇటుకపొడితో తోమించినవాళ్ళని చూశాను. మీరు రాసింది ప్రింటు తీసి స్కూల్లో అంటిస్తాను.

ప్లాంటు_నడిపేవాడు
మా ఊళ్ళో నీళ్ళు శుద్ధి చేసే ఆర్వో ప్లాంటు నాదే. కనిగిరి పక్కన. ఇరవై లీటర్ల క్యాను పది రూపాయలు, ఇంటికి తెచ్చివ్వాలంటే ఇంకో ఐదు. మా దగ్గర నీళ్ళు బాగుంటాయి, మీటరు పెట్టి చూపిస్తాను కూడా. 80, 90 దాటదు. ప్లాంటు నీళ్ళు తాగేవాళ్ళు భయపడాల్సిన పని లేదు.

నీళ్ళ_పరీక్ష
తమ్ముడూ, నీ చేతిలో ఉన్నది టీడీఎస్ మీటరు. అది నీళ్ళలో కరిగిన లవణాలన్నీ కలిపి చెప్తుంది, ఫ్లోరైడ్ విడిగా చెప్పదు. నీళ్ళని వడగట్టే మెంబ్రేను కొత్తగా ఉన్నప్పుడు రెండూ తగ్గుతాయి. అది పాతబడితేనో, రుచి కోసం పచ్చినీళ్ళు కొంచెం కలిపితేనో ఫ్లోరైడ్ ఎంత జారుతోందో ఆ మీటరులో తెలియదు. నువ్వు కలుపుతున్నావని అనడం లేదు. ఫ్లోరైడ్ పరీక్ష విడిగా చేయించి, తేదీ వేసి, రిపోర్టు ప్లాంటు గోడ మీద అంటించు. ఊరు నిన్ను ఇంకా నమ్ముతుంది.

దర్శి_టీచరమ్మ
ఇంకోటి కూడా అడగాలి. ప్లాంటు నుంచి వదిలేసే నీళ్ళు ఎటు పోతున్నాయి?

ప్లాంటు_నడిపేవాడు
రిపోర్టు అంటిస్తాను అక్కా, అందులో నాకు ఇబ్బంది లేదు. నీళ్ళు పక్కన గుంటలోకి వదులుతాం. సగానికి పైగా వృథాగానే పోతాయి, అది చాలా ఆర్వోలకి అంతే. మెంబ్రేను ఖరీదు, కరెంటు బిల్లు, ఎండాకాలం బోరు మొరాయిస్తే దాని ఖర్చు, ఇవన్నీ పది రూపాయల్లోంచే రావాలి. 2014లో ప్రభుత్వం సుజల పథకం కింద రెండు రూపాయలకి ఇరవై లీటర్లు అన్నప్పుడు జనం ఎంత సంతోషపడ్డారో నాకు తెలుసు. రెండు రూపాయలతో ప్లాంటు నిలబడాలంటే వెనక ఎవరో ఒకరు భరించాలి.

నీళ్ళ_పరీక్ష
ఆ గుంట బోరుకి దూరంగా పెట్టు తమ్ముడూ. అందులో ఉప్పూ ఫ్లోరైడూ చిక్కబడి ఉంటాయి. పక్కనే ఇంకితే మళ్ళీ నీ బోరులోకే వస్తాయి.

కందిచేను
వంట సంగతి ఎవరూ చెప్పలేదు. ఇంట్లో ఇప్పుడు పప్పుకి మాత్రం క్యాను నీళ్ళు పోస్తారు, బోరు నీళ్ళలో ఉడకదని. అన్నానికి, కూరకి, టీకి కుళాయి నీళ్ళే.

నీళ్ళ_పరీక్ష
నేను అందరికీ మొత్తుకునేది ఇదే. మనం తినేది అన్నం. గంజి వార్చే రోజులు పోయాయి, కుక్కర్లో పోసిన నీళ్ళన్నీ అన్నంలోకే పోతాయి. అది కాక చారు, పులుసు, మజ్జిగ, టీ. తాగేది క్యాను నీళ్ళయినా వంట బోరు నీళ్ళతో చేస్తే ఒంట్లోకి పోయేది పోతూనే ఉంటుంది. తాగడానికీ వంటకీ రెండింటికీ మంచి నీళ్ళు. స్నానానికి, బట్టలకి, గిన్నెలకి బోరు నీళ్ళు వాడుకోండి, ఏమీ కాదు. చర్మం నుంచి అది లోపలికి పోదు.

వేపచెట్టు_నీడ
వంటకి కూడా కొనుక్కోవాలంటే పేదవాళ్ళ సంగతేమిటండీ? కూలికి పోయే ఇంట్లో రోజుకి రెండు క్యాన్లంటే నెలకి ఆరు వందలు. మా వీధిలో ఒక ముసలామె పింఛన్‌తో బతుకుతుంది. ఆమెకి చెప్పగలమా ఈ మాట?

దర్శి_టీచరమ్మ
ఇది మాత్రం వంద శాతం నిజం పెద్దాయనా. అందుకే దీన్ని ఇంటింటి ఖర్చుకి వదిలేయకూడదు. కుళాయిలో వచ్చేదే మంచినీరు అవ్వాలి.

కూకట్‌పల్లి_కనిగిరోడు
టీచరమ్మా, కుళాయి సంగతి ఎత్తావు కాబట్టి చెప్తున్నా. మా ఊళ్ళో సగం ఇళ్ళకి తాళాలే. ఉన్నది ముసలోళ్ళు. మేమంతా హైదరాబాద్, బెంగళూరు. పని కోసం పోయాం అంటారు, నిజమే. నీళ్ళు ఉంటే సగం మంది పోయేవాళ్ళం కాదు. మా తమ్ముడికి సంబంధం చూస్తుంటే అమ్మాయి తరఫువాళ్ళు పొలం ఎంత అని అడగలేదు, మీ ఊళ్ళో నీళ్ళెట్టా అని అడిగారు.

వెలిగొండ ప్రాజెక్టుకి శంకుస్థాపన 1996లో. అప్పుడు నేను నిక్కరు వేసుకుని తిరుగుతుండా. శ్రీశైలం వెనక కొల్లంవాగు దగ్గర నుంచి కొండ కింద రెండు సొరంగాలు, ఒక్కోటి దాదాపు 18.8 కిలోమీటర్లు. 43.5 టీఎంసీలు తెచ్చి నల్లమలసాగర్ జలాశయం నింపి, అక్కడ నుంచి మన మెట్టకి. నాలుగు లక్షల ఎకరాల పైన సాగు, 15 లక్షల మందికి తాగునీరు అన్నారు. రెండు సొరంగాలూ తవ్వడం అయింది. మా నాన్న ప్రతి సంవత్సరం పేపర్లో ఆ వార్త కత్తిరించి దాచేవాడు. కాలువలో నీళ్ళు చూడకుండానే పోయాడు. ఏ పార్టీ అని నేను అనను, అందరి హయాంలోనూ శిలాఫలకాలు చూశాను. ఈ నీళ్ళు మాకు కావాలి. అంతే.

శనగచేను
కనిగిరోడన్నా... మాటల్లేవు.

పెన్నా_ఒడ్డు
నెల్లూరు వాళ్ళంటే పెన్నా, సోమశిల, మొలగొలుకుల బియ్యం, చేపల పులుసు, హాయిగా ఉంటారు అనుకుంటారు. నేను వింజమూరు వాడిని. ఉదయగిరి, వరికుంటపాడు వైపు రండి, మీ కనిగిరికీ మా మెట్టకీ తేడా ఉండదు. కేంద్రం 2008–09లో ఫ్లోరోసిస్ (ఈ ఫ్లోరైడ్ జబ్బు) కార్యక్రమం పెట్టినప్పుడు మొదటి విడత జిల్లాల్లో నెల్లూరు ఉంది. ఒకే జిల్లాలో కండలేరు నుంచి మద్రాసుకి నీళ్ళు పోతాయి, కొండ ఇవతల మా వాళ్ళు ట్యాంకరు కోసం బిందెలు వరస పెడతారు. వెలిగొండ నీళ్ళు మా వైపుకీ రావాలి, ఆ లెక్కలో మమ్మల్ని మర్చిపోవద్దు.

ఉలవపాడు_సపోటా
మాది సముద్రం పక్క. ఇసుక నేల కాబట్టి దొరువు తీస్తే నాలుగు మూరల్లో తియ్యని నీళ్ళు. తోటలన్నీ ఆ దొరువుల మీదే పెరిగాయి. మెట్ట బంధువులు వస్తే పోయేటప్పుడు సపోటాలతో పాటు డబ్బాలో నీళ్ళు కూడా పట్టుకుపోయేవాళ్ళు. ఇప్పుడు రొయ్యల చెరువులు దగ్గరికి వచ్చిన చోట దొరువులు ఉప్పెక్కుతున్నాయి. మాది వేరే బాధ, అయినా మీది చదువుతుంటే కడుపు తరుక్కుపోతోంది.

చెరువుకట్ట
కందిచేను అక్కా, మీ ఊరి చివర చెరువు ఉందన్నారు. దాని గురించి ఒక్కరూ అడగలేదు. నిండుతోందా? సప్లై ఛానల్ బతికుందా? తూము పనిచేస్తోందా?

కందిచేను
ఆయన్ని అడిగి చెప్తున్నా. పోయిన నవంబరులో తుపాను వానకి సగం నిండిందట. గుట్ట మీద నుంచి వచ్చే వంక కొంత పూడిపోయింది, కొంత చేలల్లో కలిసిపోయింది. చెరువులో తుమ్మచెట్లు. అలుగు పారి చాలా ఏళ్ళయిందట.

చెరువుకట్ట
అయితే మీ ఊరికి మందు ఊళ్ళోనే ఉంది. వెలిగొండ రావాలి, తప్పకుండా రావాలి. అది వచ్చేదాకా మీ గుట్ట మీద పడే వానని మీ ఊళ్ళో ఆపుకోండి.

మన ముసి, పాలేరు, మన్నేరు అన్నీ వానాకాలం వాగులే. అక్టోబరు, నవంబరులో నాలుగు గట్టి వానలు పడితే నీళ్ళన్నీ ఎటో వెళ్ళిపోతాయి. చెరువులు ఆ నాలుగు వానలని పట్టడానికే కట్టారు. కంభం చెరువు చూడండి. విజయనగర రాజుల కాలంలో వరదరాజమ్మ గుండ్లకమ్మకి అడ్డంగా రెండు కొండల మధ్య కట్టించింది. నేటికీ దాని కింద పంటలు పండుతున్నాయి. 2020లో ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడంగా గుర్తించారు. అది నిండిన ఏడు చుట్టుపక్కల బావులు పైకి వస్తాయి. మన ఊరి చెరువు చిన్నదే, పని మాత్రం అదే.

మేం మా ఊళ్ళో చేసింది చెప్తాను. వేసవిలో రైతులే ట్రాక్టర్లు పెట్టుకుని పూడిక తీసి చేలల్లో తోలుకున్నారు, చేనుకి బలం. కష్టమైనది పూడిక కాదు, వంక. వంక ఆక్రమించినవాళ్ళందరూ మనవాళ్ళే, బావో మామో అవుతారు. రెవెన్యూ సర్వే పటం తెచ్చి పంచాయతీలో పరిచి, పెద్దమనుషుల ముందు కూర్చుంటే కొందరు వదిలారు. ఒకాయన ఇప్పటికీ నాతో మాట్లాడడు. రెండు కార్తెల వాన పడి చెరువు నిండాక చెరువు కింద బావి మళ్ళీ బతికింది. నీళ్ళు ల్యాబ్‌కి పంపితే ఒకటి లోపే వచ్చింది. ఇప్పుడు ఊళ్ళో చాలామంది తాగేదీ వండేదీ ఆ బావి నీళ్ళే, క్లోరిన్ వేసుకుని.

వేపచెట్టు_నీడ
చెరువుకట్టా, నువ్వు మా బావి గురించే రాసినట్టుంది నాయనా. మాది పూడిపోయి కంపచెట్లు మొలిచాయి.

బోరుబండి
బోర్లు వేసేవాడినైనా నేను కూడా ఇదే అంటాను. చెరువు నిండిన ఊళ్ళో రెండు వందల అడుగుల్లో నీళ్ళు తగులుతాయి. ఎండిన ఊళ్ళో ఒకే రైతు చేలో మూడు బోర్లు వేసి మూడూ ఫెయిలై అప్పు తీర్చలేక ఏడ్చిన మనిషిని చూసి ఇంటికొచ్చాను. ఆ రోజు అన్నం దిగలేదు. నాకు బేరం తగ్గినా పర్లేదు, చెరువులు నిండాలి. వాగుల్లో ఇసుక తోడేయడం కూడా ఆపాలి. వెనకటికి వాగులో చెలమ తీసి ముంచుకునేవాళ్ళు, ఇసుక పోయాక చెలమ ఎక్కడిది?

నీళ్ళ_పరీక్ష
చెరువుకట్ట గారి బావిలో ఒకటి లోపు వచ్చిందంటే చాలా సంతోషం. ప్రతి వేసవిలో మళ్ళీ చేయించండి, నీళ్ళు తగ్గినప్పుడు ఫ్లోరైడ్ పెరగొచ్చు.

పేదవాళ్ళ మాట ఎత్తిన పెద్దాయనకి ఒక దారి. డాబా మీద వాన. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక్క సెంటీమీటరు వాన పడితే దాదాపు 900 లీటర్లు. ఐదారుగురున్న ఇంట్లో తాగడానికీ వంటకీ రోజుకి ముప్పై లీటర్లు అనుకుంటే అది నెలకి సరిపోతుంది. వాననీటిలో ఫ్లోరైడ్ దాదాపు ఉండదు. మొదటి వాన వదిలేసి, డాబా కడిగి, తర్వాతది గుడ్డ వడపోతతో మూత ఉన్న తొట్టిలోకి పట్టాలి. చీకటిగా ఉంచితే పాచి పట్టదు. తాగే ముందు కాచుకోవాలి. నవంబరు వానలు నింపుకుంటే సంక్రాంతి దాటిపోతుంది.

శనగచేను
మా అమ్మమ్మ పంచ చూరు కింద గంగాళం పెట్టేది వానకి. ఆ నీళ్ళతో టీ పెడితే రుచే వేరు.

పళ్ళ_డాక్టరు
తిండి గురించి రెండు ముక్కలు. పాలు, పెరుగు, రాగి, మునగాకు బాగా పెట్టండి, కాల్షియం ఉంటే ఫ్లోరైడ్ ఒంటికి పట్టడం తగ్గుతుంది. ఉసిరి, జామ కూడా. చింతపండు గురించి హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ళు బడిపిల్లల మీద చూశారు. తిన్నవాళ్ళలో ఫ్లోరైడ్ మూత్రంలో ఎక్కువగా బయటికి పోయింది. పులుసు తిని బోరు నీళ్ళు తాగమని కాదు, మంచి నీళ్ళకి తోడుగా. పిల్లలకి టీ వద్దు, టీ ఆకులోనే ఫ్లోరైడ్ ఉంటుంది.

పెన్నా_ఒడ్డు
డాక్టరు గారూ, చింతపండు సంగతి ముందే చెప్పాల్సింది. నెల్లూరోళ్ళకి ఇంక పులుసు ఆపమని చెప్పే ధైర్యం ఎవరికీ ఉండదు 😊

కూకట్‌పల్లి_కనిగిరోడు
చెరువుకట్ట అన్నా, మా ఊరి వంక పటం ఎక్కడ దొరుకుతుంది? దసరాకి వస్తున్నా. మావాళ్ళు పదిమందిమి ఇక్కడే ఉన్నాం, తలా కొంత వేసుకుంటాం.

చెరువుకట్ట
తహసీల్దారు ఆఫీసులో గ్రామ పటం కాపీకి అర్జీ పెట్టు. గ్రామ సచివాలయంలో సర్వేయరు ఉంటాడు, ముందు ఆయన్ని కలువు. డబ్బు తర్వాత, ముందు ఊళ్ళో ఉన్నవాళ్ళని కూర్చోబెట్టు. బయట నుంచి వచ్చి మీరే చేసేశారని అనిపిస్తే పని నిలవదు. నేను వస్తాను, దూరం కాదు.

కందిచేను
అన్నీ చదివాను, మా ఆయన కూడా చదివారు. వెళ్తున్నాం. ముందు ఈ నెలలో ఆయన ఒక్కరే వెళ్ళి మూడు చోట్ల నీళ్ళు పంపిస్తారు. రిపోర్టు వచ్చేదాకా బాబుకి, అత్తయ్యకి, అందరి వంటకీ నీళ్ళు పొదిలి నుంచి తెప్పిస్తాం. డాబా మీద తొట్టి ఈ అక్టోబరు లోపు కట్టించాలని మామయ్యకి ఫోన్ చేస్తే ఆయనకి ప్రాణం లేచొచ్చింది, మేస్త్రీని కూడా మాట్లాడేశారు. చెరువు వంక సంగతి మాత్రం ఊళ్ళోకి వెళ్ళాకే. కోడలు వచ్చీరాగానే గొడవ పెట్టిందని అనుకోకుండా చూసుకోవాలి.

దర్శి_టీచరమ్మ
పాపని ఊరి బళ్ళోనే వెయ్యమ్మా. బడికి వచ్చే నీళ్ళు, మధ్యాహ్న భోజనం ఏ నీళ్ళతో వండుతున్నారు అని తల్లుల కమిటీలో మొదటి మీటింగులోనే అడుగు. మనం మన ఇంట్లో ఎంత జాగ్రత్త పడ్డా పిల్ల సగం రోజు అక్కడే ఉంటుంది. ఒక్క తల్లి అడిగితే మిగతావాళ్ళు కలుస్తారు, నా అనుభవం.

కందిచేను
అడుగుతాను మేడమ్. ఇది నాకు అసలు తట్టనే లేదు.

ప్లాంటు_నడిపేవాడు
నేను కూడా శాంపిలు ఇస్తున్నా ఈ వారం. రిపోర్టు ఫొటో ఇక్కడే పెడతా.

వేపచెట్టు_నీడ
మా బావి కంప కొట్టించడానికి రేపు ఇద్దరిని పిలుస్తున్నా. నీళ్ళు కనపడితే నేనూ పంపుతా. ఎందులో పట్టాలి, గాజు సీసానా?

నీళ్ళ_పరీక్ష
గాజు వద్దండీ, ఫ్లోరైడ్‌కి ప్లాస్టిక్ సీసానే వాడాలి. లీటరు సీసా తీసుకుని, అదే నీళ్ళతో రెండు మూడు సార్లు తొలిచి, గొంతు దాకా నింపి మూత బిగించండి. పైన ఊరు, బావి గుర్తు, తేదీ రాయండి. కూల్‌డ్రింకు సీసా అయితే ముందు బాగా కడగాలి. సబ్బు వద్దు.